ఎర, మేత, పంట: వన్యప్రాణుల ఆహార వివాదం – ఉద్దానం నేపథ్యంలో ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:

జింకలకు ఎరపెట్టి వేటాడటం తగునా కాదా అన్న వివాదం ఉత్తర అమెరికాలో కొన్ని దశాబ్దాలుగా సాగుతోంది. వేటనీతితో మొదలైన ఆ చర్చ క్రమంగా వ్యాధివ్యాప్తి, జంతువుల నడవడిలో మార్పు, ఇతర ప్రాణులపై ప్రభావం అన్న అంశాలవైపు మళ్ళింది. మన దేశంలో వేట నిషిద్ధం కనుక ఆ వివాదంతో మనకు పనిలేదని అనిపించవచ్చు. కాని ఆహారం ఒకచోట కుప్పపడితే వన్యప్రాణికి ఏమవుతుందన్న ప్రశ్న ఉద్దానం జీడితోటలకూ, తిరుమల నడకదారికీ వర్తిస్తుంది. ఎర, మేత, పంట అన్న మూడు మాటల మధ్య తెలుగు భాష చూపే భేదాన్ని ఆధారం చేసుకొని, ఆ భేదం మనిషి ఉద్దేశానికి సంబంధించినదే తప్ప జంతువు అనుభవానికి సంబంధించినది కాదని వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: ఎర, మేత, దీమం, జింక, ఎలుగుబంటి, జీడితోట, ఉద్దానం, పలాస, వన్యప్రాణి సంరక్షణ చట్టం.

1. ఉపోద్ఘాతం:

శ్రీకాకుళం జిల్లాలో పలాస ప్రాంతం నుండి ఇచ్ఛాపురం దాకా సముద్రతీరం వెంబడి పరచుకున్న తోటల సీమకు ఉద్దానం అని పేరు. 'ఉద్యానం' అన్న మాటే ప్రజల నోట ఉద్దానమైందని చెబుతారు. కొబ్బరి, జీడిమామిడి, పనస, మామిడి ఇక్కడి ప్రధానమైన తోటలు. వజ్రపుకొత్తూరు, మందస, సోంపేట, కంచిలి, కవిటి మండలాల్లో వేల కుటుంబాలకు ఇవే ఆధారం. తోటల మధ్య అక్కడక్కడా చిన్న కొండలు, తుప్పలు, మొగలి డొంకలు ఉంటాయి. పడమట తూర్పు కనుమలు, మహేంద్రగిరి కనిపిస్తాయి. ఈ తోటల్లోనూ తుప్పల్లోనూ మనుషులతోపాటు ఎలుగుబంట్లు కూడా తిరుగుతాయి.

2018 జూన్‌లో సోంపేట మండలం ఎర్రముక్కాంలో ఎలుగుబంటి దాడిలో భార్యాభర్తలిద్దరు మరణించారు. గ్రామస్థులు ఆ ఎలుగును చంపివేశారు. 2022 జూన్‌లో వజ్రపుకొత్తూరు మండలం కిడిసింగిలో ఒక రైతు ప్రాణం కోల్పోగా, ఆ వెంటనే మరికొందరు గాయపడ్డారు. మత్తుమందు ఇచ్చి బంధించిన ఆ ఎలుగు కూడా బతకలేదు. 2024 మార్చిలో అదే మండలంలోని అనకాపల్లి గ్రామంలో మరో ఇద్దరు మరణించారు. మూడు ఘటనలూ మార్చి నుండి జూన్ వరకు, అంటే జీడి, పనస పండే కాలంలోనే జరగడం గమనించదగిన విషయం.

ఇటువంటి ప్రతి ఘటన తరువాతా రెండు మాటలు వినిపిస్తాయి. 'ఎలుగులు ఊళ్ళమీద పడుతున్నాయి' అన్నది ఒకటి. 'అడవిలో తిండి లేక వస్తున్నాయి' అన్నది రెండవది. రెండింటిలోనూ కొంత నిజముంది. కాని అడవి వాటిని ఎందుకు పంపుతోందని అడిగినంతగా, ఊరు వాటిని దేనితో పిలుస్తోందని మనం అడగడం లేదు. ఈ రెండో ప్రశ్నను ప్రపంచంలో ఎక్కువగా చర్చించినవారు జింకల ఎరపై వాదించుకున్నవారే. అందుచేత ఆ వివాదాన్ని ముందు పరిశీలించి, దాని వెలుగులో ఉద్దానాన్ని చూడటం ఉపయుక్తం.

2. ఎర – మేత: పదవివేచన:

వేటకు సంబంధించిన పదసంపద తెలుగులో విస్తారంగా ఉంది. వల, ఉచ్చు, బోను, గాలం అందరికీ తెలిసినవే. ఏనుగులను పట్టడానికి తవ్విన గోతిని 'ఓదము' అన్నారు. ఒక మృగాన్నో పక్షినో మచ్చిక చేసి, దాని చేత అదే జాతివాటిని రప్పించి పట్టేటప్పుడు, ఆ పెంపుడు ప్రాణిని 'దీమము' అన్నారు. పంజరంలోని కౌజుపిట్ట కూతతో మిగతా కౌజులను పట్టడం ఇందుకు పల్లెల్లో తెలిసిన ఉదాహరణ. దీమం తన జాతి ప్రాణితో పిలిపిస్తుంది. ఎర ఆహారంతో పిలుస్తుంది. రామాయణంలోని మాయలేడిని ఈ దృష్టితో చూస్తే అది ఒక విలోమ దీమం. అక్కడ మృగం రూపంలో వచ్చినవాడు మనిషిని రప్పించాడు.

'మేత' అన్న మాట ఇందుకు భిన్నమైనది. మేత వేసేవాడికి పశువు బతకాలన్న కోరిక ఉంటుంది, ఎర వేసేవాడికి అది చిక్కాలన్న కోరిక ఉంటుంది. పెట్టేది గుప్పెడు గింజలే కావచ్చు. పెట్టేవాడి మనసును బట్టి పేరు మారుతుంది. 'ఎరవేయడం' అన్న పలుకుబడి మోసానికి పర్యాయమైనదీ, 'మేపడం' పోషణకు పర్యాయమైనదీ ఇందువల్లనే. ఇక 'పంట' అన్న మాటలో జంతువు ప్రసక్తే లేదు. అది పూర్తిగా మనిషి కష్టానికి సంబంధించిన మాట.

మన సాహిత్యం మేతకు పుణ్యాన్ని కూడా జోడించింది. ఆశ్రమ వర్ణనలలో మునికన్యలు లేళ్ళకు గింజలు పెట్టడం కరుణకు గుర్తు. అయితే భాగవత పంచమస్కంధంలోని భరతోపాఖ్యానం ఇదే విషయాన్ని మరో కోణంలో చూపుతుంది. సింహగర్జనకు బెదిరి నదిలోకి దూకిన తల్లిలేడి గర్భం జారి మరణించగా, నీట పడిన పిల్లను భరతుడు రక్షించి పెంచుతాడు. ఆ మమకారమే అతని తపస్సును చెరిచి, మరుజన్మలో అతడిని లేడిగా పుట్టిస్తుంది. మేపినవానికి ఏమవుతుందో ఈ కథ చెప్పింది. మేత తిన్న ప్రాణికి ఏమవుతుందన్న ప్రశ్నను ఆధునిక జీవావరణ శాస్త్రం చేపట్టింది.

3. జింకల ఎర: వివాద స్వరూపం:

అమెరికాలో తెల్లతోక జింకల వేట చట్టబద్ధమైనది, కాలనియమం గలది. వేటగాళ్ళు మొక్కజొన్న, బీటు దుంపలు, ఆపిల్‌పండ్లు వంటివాటిని ఒకచోట పోసి, జింకలు అక్కడికి అలవాటు పడిన తరువాత మాటువేసి కొడతారు. కొన్ని రాష్ట్రాలు దీనిని అనుమతిస్తాయి, కొన్ని నిషేధిస్తాయి. టెక్సాస్‌లో నియమిత సమయాల్లో గింజలు వెదజల్లే యంత్రాలు సర్వసాధారణం.

సమర్థించేవారి వాదాలు తేలికగా తోసివేయదగినవి కావు. జింక దగ్గరగా, నిలకడగా ఉన్నప్పుడు కొడితే గాయపడి తప్పించుకుపోయే అవకాశం తగ్గుతుందని వారంటారు. వృద్ధులకు, అంగవైకల్యం ఉన్నవారికి, విల్లుతో వేటాడేవారికి వేరే మార్గం లేదంటారు. జింకల సంఖ్య మితిమీరి పంటలు పాడవుతున్నచోట వాటిని తగ్గించడానికి ఎర అవసరమంటారు. సొంతభూమిలో ఏం చల్లుకోవాలో చెప్పే హక్కు ప్రభుత్వానికి లేదన్నది మరో వాదం.

వ్యతిరేకించేవారు మొదట వేటనీతిని ముందుకు తెచ్చారు. జంతువుకు తప్పించుకునే అవకాశం ఉన్నప్పుడే అది వేట అన్నది వారి మాట. కాని ఈ వాదం అభిరుచికి సంబంధించినదిగా మిగిలిపోయింది. చర్చ తీరును మార్చినది వ్యాధి. మిషిగన్ రాష్ట్రపు ఈశాన్య ప్రాంతంలో 1994లో వేటలో దొరికిన ఒక జింకలో పశుక్షయ బయటపడింది. తరువాతి పరిశోధనలో ఆ వ్యాధి జింకల మందల్లో నిలదొక్కుకున్నదని తేలింది. జింకలు కిక్కిరిసి ఉండటం, అవి ఒకే ఎరకుప్ప దగ్గర మూతులు కలిపి తినడం అందుకు ముఖ్యకారణాలని గుర్తించారు. మరొకటి క్షీణవ్యాధి. జింక జాతుల మెదడును క్రమంగా నశింపజేసే ఈ రోగాన్ని 1967లో కొలరాడోలో బంధనంలోని జింకల్లో తొలిసారి గమనించారు. దీనికి కారణమైన 'ప్రయాన్' అనే వికృత ప్రోటీను లాలాజలం, మలమూత్రాల ద్వారా వెలువడి మట్టిలో సంవత్సరాల తరబడి నిలిచి ఉంటుంది. చికిత్స గాని టీకా గాని లేదు. 2002లో విస్కాన్సిన్‌లో ఈ వ్యాధి కనిపించిన తరువాత ఎరపై ఆంక్షలు వచ్చాయి. మిషిగన్ 2019 జనవరి 31 నుండి తన దిగువ ద్వీపకల్పమంతటా ఎరను నిషేధించింది.

4. కుప్పపడిన ఆహారం చేసే పని:

ఈ వివాదం వల్ల తేలిన జ్ఞానం వేటకు మాత్రమే పరిమితమైనది కాదు. దానిని నాలుగు అంశాలుగా క్రోడీకరించవచ్చు.

మొదటిది సాంద్రత. అడవిలో ఆకు, కాయ, పండు చెదురుగా ఉంటాయి. జంతువులూ చెదురుగా తిరుగుతాయి. ఆహారం ఒకచోట చేరితే జంతువులూ ఒకచోట చేరుతాయి. వాటితోపాటు వ్యాధులు, పరస్పర కలహాలు చేరుతాయి. ఎరచోటు చుట్టూ లేత మొక్కలు కూడా మేతకు బలై అక్కడి అడవి పలచబడుతుంది.

రెండవది శరీరధర్మం. జింక నెమరువేసే జంతువు. శీతకాలంలో కొమ్మలు, బెరడు అరిగించుకోవడానికి అనువుగా దాని కడుపులోని సూక్ష్మజీవులు మారి ఉంటాయి. హఠాత్తుగా మొక్కజొన్న అధికంగా తింటే కడుపులో ఆమ్లం పెరిగి కడుపునిండా ఆహారంతోనే చనిపోవచ్చు. దయతో పెట్టిన గింజ విషమవుతుందన్నమాట.

మూడవది పిలవని అతిథులు. జింకకు వేసిన గింజ జింక ఒక్కదానికే చేరదు. ఎలుకలు, పక్షులు, పందులు వస్తాయి. బూజుపట్టిన గింజల్లోని విషం పక్షులకు హాని చేస్తుంది. వీటిని వెన్నంటి వేటజంతువులు వస్తాయి.

నాలుగవది అలవాటు. ఆహారం ఒకే చోట, ఒకే వేళ దొరికితే జంతువు ఆ చోటును, వేళను గుర్తుంచుకుంటుంది. మనిషి వాసన అంటే అపాయమన్న జ్ఞాపకం స్థానంలో మనిషి వాసన అంటే ఆహారమన్న జ్ఞాపకం చేరుతుంది.

ఈ నాలుగింటిలో ఏ ఒక్కటీ ఆహారం పెట్టినవాని ఉద్దేశంపై ఆధారపడలేదు. ఎరైనా, మేతైనా, పారవేసిన వ్యర్థమైనా ఫలితం ఆహారపు పరిమాణాన్ని, చోటును, క్రమాన్ని బట్టి ఉంటుంది.

5. చట్టం దృష్టిలో ఎర:

1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ఈ విషయంలో స్పష్టంగా ఉంది. రెండవ సెక్షన్‌లోని 'వేట' నిర్వచనంలో చంపడం, విషం పెట్టడం, ఉచ్చు పన్నడం, తరమడంతోపాటు ఎరవేయడాన్ని, అందుకు చేసే ప్రయత్నాన్ని కూడా చేర్చారు. తొమ్మిదవ సెక్షన్ వేటను నిషేధిస్తుంది. మనుషుల ప్రాణాలకు ముప్పైన జంతువు విషయంలో పదకొండవ సెక్షన్ కింద రాష్ట్ర ముఖ్య వన్యప్రాణి సంరక్షణాధికారి అనుమతి ఇవ్వవచ్చు. ఎలుగుబంటి మొదటి షెడ్యూలులో ఉన్న జంతువు. కనుక అమెరికాలో చర్చనీయాంశమైన ఎర మనకు నేరం.

అయినా అది లేకుండా పోలేదు. పంటలను పాడుచేసే అడవిపందుల కోసం పేలుడు పదార్థం దట్టించిన ఎరలను రహస్యంగా వాడటం దక్షిణ భారతమంతటా ఉన్న దురాచారం. 2020 మే నెలలో కేరళలో ఒక గర్భిణి ఏనుగు అటువంటి కాయను కొరికి నోరు ఛిద్రమై మరణించిన ఘటన దేశాన్ని కలచివేసింది. పందికి పెట్టినది ఏనుగుకు చేరింది. పిలవని అతిథుల సూత్రానికి ఇంతకన్న విషాదకరమైన ఉదాహరణ ఉండదు.

చట్టం నేరాన్ని నిర్ణయించేటప్పుడు ఉద్దేశాన్ని చూడక తప్పదు. తోటలో రాలిన పండును అది ఎర అనదు, అనకూడదు కూడా. ఫలితాన్ని ఆలోచించవలసిన బాధ్యత అక్కడినుండి సమాజానిది అవుతుంది.

6. మేత ఎరగా మారే చోటు – తిరుమల నడకదారి:

జింకల మేత గురించి తెలుగునేలపై జరిగిన చర్చకు అలిపిరి నడకదారి వేదికైంది. శేషాచలం అడవి గుండా సాగే ఆ దారిలో భక్తులు జింకలకు, కోతులకు పండ్లు, కూరగాయ ముక్కలు పెట్టడం చాలాకాలంగా ఉన్న అలవాటు. పెట్టేవారి దృష్టిలో అది భూతదయ. 2023 ఆగస్టులో ఆ దారిలో చిరుత దాడిలో ఆరేళ్ళ బాలిక మరణించిన తరువాత, తిరుమల తిరుపతి దేవస్థానం పిల్లలతో నడిచివెళ్ళే వేళలపై ఆంక్షలు విధించి, భక్తులకు చేతికర్రలు ఇవ్వడంతోపాటు దారిలో జంతువులకు ఆహారం పెట్టరాదని, వ్యర్థాలు పారవేయరాదని కూడా ఆదేశించింది.

చేతికర్రలపై పత్రికల్లో, సామాజిక మాధ్యమాల్లో హాస్యోక్తులు చాలా వచ్చాయి. ఆహార నిషేధంపై అంత చర్చ జరగలేదు. నిజానికి జీవావరణ దృష్టితో ప్రధానమైనది అదే. చిరుతకు ఎవరూ ఏమీ పెట్టలేదు. కాని చిరుత తినే జింక, కుక్క, పంది వంటివాటిని మనిషి మేత, మనిషి వ్యర్థం దారిపక్కకు చేరుస్తాయి. అప్పుడు జింకే తెలియకుండా దీమమవుతుంది.

7. ఉద్దానం – ఉద్దేశం లేని ఎర:

తిరుమలలో ఆహారం పెట్టడం మానమని చెప్పవచ్చు. ఉద్దానంలో సమస్య అంత సులభం కాదు. ఇక్కడ ఎలుగుకు ఎవరూ ఏమీ పెట్టడం లేదు. ఆహారం తోటలోనే పండుతోంది.

ఎలుగుబంటి ఆహారం ముఖ్యంగా చెదలు, చీమలు, తేనె, పండ్లు. పై దవడలో నడిమి రెండు పళ్ళు లేకపోవడం, ముక్కురంధ్రాలను మూసుకోగలగడం వంటి లక్షణాలు చెదలను పీల్చి తినడానికి దానిని అనువుగా చేశాయి. వేసవిలో తునికి, నేరేడు, రేల వంటి అడవి పండ్లు దానికి ఆధారం. వాటి విత్తనాలను దూరాలకు మోసి మొలిపించేదీ అదే. కొండల్లో ఈ చెట్లు తరిగినచోట జీడిపండు, పనసపండు వాటి స్థానాన్ని తీసుకుంటాయి.

జీడి సేకరణ పద్ధతిని ఇక్కడ గమనించాలి. పండి రాలిన జీడిమామిడి పండు నుండి పిక్కను తిప్పి వేరుచేస్తారు. పలాస, కాశీబుగ్గ పరిశ్రమలకు కావలసినది ఆ పిక్క. పండు చాలావరకు తోటలోనే ఉండిపోతుంది. గోవాలో జీడిపండు రసం నుండి పానీయం తయారవుతుంది. ఇక్కడ ఆ పండుకు ధర లేదు. కుప్పలుగా మిగిలిన పండ్లు పులిసి, వాటి వాసన రాత్రిపూట దూరం వెళుతుంది. ఎలుగుకు వాసనే ప్రధానేంద్రియం. అమెరికాలో జింకల కోసం పోసిన మొక్కజొన్న కుప్పకూ, జీడిచెట్టు కింద మిగిలిన పండ్ల కుప్పకూ పై నాలుగు సూత్రాల దృష్టిలో తేడా లేదు. ఊరి గుళ్ళలో దీపాల నూనెకు, ప్రసాదాలకు ఎలుగులు వచ్చిన వార్తలు కూడా ఈ కోవకే చెందుతాయి.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. ఆహారం ఎలుగును క్రూరజంతువుగా మార్చదు. అది మనిషిని తినడానికి దాడి చేయదు. తల దించుకొని తిండిలో మునిగి ఉన్నప్పుడు మనిషి హఠాత్తుగా ఎదురైతే, ముఖ్యంగా వీపుపై పిల్లలున్నప్పుడు, పారిపోవడానికి బదులు మీదపడుతుంది. ఆహారపు కుప్ప చేసే పనల్లా ఈ ఎదురుపాటును పెంచడమే. ఎలుగు తిరిగే తెల్లవారుజామునే పిక్కలేరడానికి కుటుంబమంతా తోటకు వెళుతుంది. చోటు ఒక్కటే, కాలం ఒక్కటే, చెట్టు ఒక్కటే. 2018 అక్టోబరు 11న పలాస సమీపంలో తీరం దాటిన తిత్లీ తుఫాను కొబ్బరిని, జీడిని కూల్చివేసిన తరువాత ఈ కుటుంబాలకు మిగిలిన ప్రతి చెట్టూ విలువైనదైంది. 'తోటకు వెళ్ళకండి' అన్న సలహా వారి విషయంలో సలహాయే కాదు.

అందుచేత ఉద్దానం స్థితికి 'అనుద్దేశిత ఎర' అన్న పదబంధాన్ని ఈ వ్యాసం ప్రతిపాదిస్తోంది. రైతును తప్పుపట్టకుండానే ఫలితాన్ని చెప్పగల మాట అది. 'ఎర' అన్నది ఫలితాన్ని, 'అనుద్దేశిత' అన్నది మనసును తెలుపుతాయి.

8. కొండ అంచున పండ్లు పోయవచ్చునా?

ఎలుగులు ఊళ్ళోకి రాకుండా కొండల దగ్గరే వాటికి పండ్లు పోస్తే సరిపోతుంది కదా అన్న సూచన సహృదయంతో వచ్చేదే. జింకల విషయంలోనూ పంటలనుండి మళ్ళించడానికి మేత పెట్టాలని వాదించినవారున్నారు. కాని పైన చూసిన సూత్రాల ప్రకారం, క్రమం తప్పకుండా ఒకచోట పోసే పండ్లు ఎలుగులను ఒకచోట చేరుస్తాయి, మనిషి చేతి వాసనకు అలవాటు చేస్తాయి. ఒకరోజు పోయడం మానితే ఆ వాసన వెంటే అవి ఊరికి వస్తాయి. ఛత్తీస్‌గఢ్‌లోని ఘుంచాపాలి చండీమాత గుడిలో ఎలుగులు భక్తుల చేతినుండి ప్రసాదం తినడం ఒక వింతగా ప్రచారమైంది. ఉద్దానం ఆ వింతను ఆదర్శంగా తీసుకోకూడదు.

దీనికి భిన్నమైనది కొండల్లో తునికి, నేరేడు, రేల చెట్లను పెంచడం, నీటిగుంటలను కాపాడటం. ఇది కూడా ఆహారమందించడమే. అయితే ఆ ఆహారం చెదురుగా, ఋతువును బట్టి, మనిషి వాసన లేకుండా ఉంటుంది. తోటల వైపు చేయవలసినవి మిగిలిన పండ్లను కుప్పగా వదలక దారికి దూరంగా గోతిలో పూడ్చి ఎరువు చేయడం, పనసను రాలేదాకా ఉంచకుండా దించడం, చీకటి విడవకముందు ఒంటరిగా వెళ్ళకుండా నలుగురు కలిసి శబ్దం చేసుకుంటూ వెళ్ళడం, గుడిలో నూనెను తలుపు లోపల భద్రపరచడం. జీడిపండుకు ధర పలికే ఉపయోగం ఏర్పడితే ఈ పనుల్లో మొదటిది ఎవరూ చెప్పకుండానే జరుగుతుంది. పూడ్చే శ్రమను రైతు ఒక్కడిపైనే మోపడం న్యాయం కాదు.

ఆహారం పెట్టడమంతా దోషమన్నది ఈ చర్చ సారాంశం కాదు. ఇంటి చూరుకు వరికంకుల కుచ్చు కట్టి పిచ్చుకలను పిలవడం మన పల్లెల అందమైన ఆచారం. పిచ్చుక మనిషి ఇంటినే నమ్ముకొని బతికే పక్షి. అడవిని నమ్ముకొని బతికే మృగం విషయంలో అదే ఆచారాన్ని పాటించడం వల్లనే చిక్కు వస్తుంది.

9. ముగింపు:

• తెలుగులో ఎర, మేత, పంట అన్న మాటలు మనిషి ఉద్దేశాన్ని బట్టి వేరయ్యాయి. జంతువు విషయంలో మూడింటి ఫలితమూ ఆహారపు పరిమాణం, చోటు, క్రమాలను బట్టి నిర్ణయమవుతుంది.

• జింకల ఎర వివాదంలో వేటనీతి వాదం తేల్చలేని విషయాన్ని వ్యాధివ్యాప్తి తేల్చింది. కుప్పపడిన ఆహారమే అక్కడ అసలు ప్రశ్న అయింది.

• అలిపిరి దారిలో మేత, ఉద్దానంలో రాలిన జీడిపండు అదే ప్రశ్నకు రెండు రూపాలు. మొదటిదానిని మానవచ్చు. రెండవదానిని సామూహికంగా నిర్వహించుకోవాలి.

• వన్యప్రాణికి ఆహారం చెదురుగా అడవిలో దొరికేలా చూడటం సంరక్షణ అవుతుంది. ఒకచోట పోసి పిలవడం, దయతో చేసినా, ఎర అవుతుంది.

ఉద్దానంలో ఎలుగు దాడుల్లో మరణించినవారు వేటకు వెళ్ళినవారు కారు. తమ ఊళ్ళో, తమ తోటల్లో బతుకుతెరువు చూసుకుంటున్నవారు. వారితోపాటు చనిపోయిన ఎలుగులూ ఆహారం కోసం వచ్చినవే. రెండు ప్రాణుల ఆకలి ఒకే చెట్టు కింద కలుసుకోకుండా చూడటం ఈ సీమలో వన్యప్రాణి సంరక్షణకు, మనుషుల సంరక్షణకు కూడా మొదటి మెట్టు.